చుక్క పడితేనే పాసు

"గంట కొట్టేలోపు మొక్క మొదట్లో చుక్క పడాలి. పడితే పాసు. పడకపోతే ప్రాజెక్టు రద్దు."

సైన్సు టీచర్ గడియారం చూసుకుంది. "నలభై నిమిషాలు. కానివ్వండి."

ఏడుగురూ గబగబా డబ్బాలు తెరిచారు. ఒక్కో డబ్బాలో ఒక ప్లాస్టిక్ సీసా, రెండు గజాల నల్ల పైపు, నాలుగు డ్రిప్పర్లు, గుప్పెడు జాయింట్లు. ఒక్కొక్కరి ముందు కుండీలో తల వేలాడేసిన టమాటా మొక్క.

టీచర్‌కి అనుమానం రావడం వల్ల వచ్చిన తంటా ఇది. మొక్కలకి బొట్టుబొట్టుగా నీళ్ళెలా పెట్టాలో పాఠం చెప్పి, కిట్లు ఇచ్చి, ఇంటి దగ్గర బిగించి తెమ్మంది. ఏడూ అద్దంలా వచ్చాయి. ఒక్క జాయింటు కారితే ఒట్టు. ఒకదానికైతే కిట్‌లో లేని ఇత్తడి కుళాయి కూడా ఉంది.

"ఇవి చేసిన చేతులేవో నేను చూడాలి. నా ఎదురుగా కూర్చుని, ఎవరి సాయం లేకుండా, మళ్ళీ చేయాలి" అని హుకుం జారీ చేసింది. గెలిచిన కిట్టే సైన్సు ప్రదర్శనకి వెళుతుంది.

చివరి బెంచీలో పొడుగోడికి చెమటలు పడుతున్నాయి. మోకాళ్ళు బల్లకి కొట్టుకుంటున్నాయి. పోయినవారం ఫస్టు వచ్చింది ఇత్తడి కుళాయి ఉన్న అతని కిట్టే. ఇవాళ ఫెయిలైతే నలుగురిలో పరువు పోతుంది. అదైనా దులుపుకోవచ్చు. ఇంట్లో మొహం ఎలా చూపించాలి? "కళ్ళు మూసుకుని చేసేస్తా, చూస్తూ ఉండు" అని పొద్దున్నే కోతలు కోసి వచ్చాడు. అక్కడ అలక మొదలైతే వారం రోజులు మాటలుండవు.

"బావా, ఈ మూడు కాళ్ళ ముక్క ఎక్కడ పెట్టాలి?" పక్కనున్న బండోడు గొణిగాడు.

"నీ ముక్కులో పెట్టుకో. నా ఏడుపు నేను ఏడుస్తుంటే మధ్యలో నీ గోల."

"మేడమ్!" మొదటి బెంచీ టాపర్ చెయ్యెత్తింది. "వెనకాల మాట్లాడుకుంటున్నారు!"

బండోడు పళ్ళు నూరాడు. "చాడీలు చెప్పకపోతే ఈవిడగారికి తిన్నది అరగదు."

టీచర్ వచ్చింది. బండోడి చొక్కా చేతిలోంచి తొంగిచూస్తున్న కాగితాన్ని రెండు వేళ్ళతో లాగింది. కిట్‌తో పాటు వచ్చే సూచనల కాగితం.

"ఇదేమిటి, దొరగారూ?"

"చెమట తుడుచుకోడానికి, మేడమ్."

"తుడుచుకున్నారుగా. ఇక ఇది నా దగ్గరుంటుంది."

ఇంతలో రెండో బెంచీలో ఎవరి జాయింటో ఊడింది. నీళ్ళు పిచికారీలా లేచి నేరుగా టీచర్ కళ్ళజోడు మీద పడ్డాయి. అందరూ నవ్వు దాచుకోడానికి బల్లల కిందికి దూరారు.

"నవ్విన వాళ్ళకి రెండు మార్కులు కోత."

ఎవరూ పైకి రాలేదు. అక్కడే ఉండి, పడిపోయిన జాయింటేదో వెతుకుతున్నట్టు నటించారు.

పొడుగోడు పైపు బిగించాడు. సీసా నింపాడు. డ్రిప్పర్‌ని మొక్క మొదట్లో గుచ్చాడు. చుక్క లేదు. పైపు పిండాడు. ఊదాడు. ఎవరూ చూడకుండా బతిమాలాడు. ఆఖరికి నోట్లో పెట్టుకుని పీల్చాడు. ప్లాస్టిక్ వాసన తప్ప ఏమీ రాలేదు.

"మేడమ్, బాత్రూమ్‌కి వెళ్ళొస్తా."

"ఇంకో ఏడు నిమిషాలు ఓర్చుకుంటే కొంపలేం మునగవు. కూర్చోండి."

ఇంట్లో అయితే వీడియో ఉంది. ఆపి, వెనక్కి తిప్పి, మళ్ళీ ఆపి, మూడు గంటలు కుస్తీ పట్టి చేశాడు. పైగా పక్కనుంచి ఒక గొంతు ఒకటే సలహాలు. "నీకేం తెలుసు, జరుగు. ముట్టుకున్నావంటే పాడవుతుంది" అని కసిరి తరిమేశాడు.

ఏమిటా సలహా? తల గోక్కున్నాడు. గుర్తొచ్చింది.

"సీసా కింద, కుండీ పైన పెడితే ఎలా వస్తాయి? నీళ్ళేమైనా మెట్లెక్కుతాయా?"

పొడుగోడు కిందికి చూశాడు. సీసా నేల మీద ఉంది. కుండీ బల్ల మీద ఉంది.

సీసా చటుక్కున లేపాడు. పెట్టడానికి ఎత్తయినది ఏమీ కనిపించలేదు. కనిపించిందల్లా బండోడి తల.

"బావా, కదిలావో చంపేస్తా."

"నా మొక్కో?"

"నీ మొక్క పోయి అరగంటైంది. మెడ నిటారుగా పెట్టు."

సీసా తల మీద కూర్చుంది. పైపులో గాలి బుడగలు ఒకదాన్నొకటి తోసుకుంటూ కదిలాయి. డ్రిప్పర్ మూతి తడిసింది. ఒక చుక్క ఊరింది. వేలాడింది. పడనా వద్దా అని బెట్టు చేసింది.

టప్.

వెంటనే గంట కొట్టారు.

"పడింది! మేడమ్, పడింది!" పొడుగోడు బెంచీ ఎక్కి అరిచాడు. బండోడి తల మీంచి సీసా దొర్లి ఇద్దరినీ నిలువునా తడిపింది. అయినా ఎగురుతూనే ఉన్నాడు.

టీచర్ వరసగా కుండీలన్నీ చూసింది. టాపర్ పైపు చివర బిరడా పెట్టడం మరిచిపోయింది. నీళ్ళన్నీ నేలపాలు. ఏడుగురిలో పాసైంది ఒక్కడే.

"ప్రదర్శనకి నా కిట్టే కదా, మేడమ్?" పొడుగోడు రొమ్ము విరిచాడు.

టీచర్ ఒక్కో బెంచీ దగ్గరికీ వెళ్ళింది. ఏడు కిట్లనూ ఊడదీసింది. ముక్కలన్నీ ఎక్కడివక్కడ డబ్బాల్లో సర్దింది. కళ్ళజోడు తుడుచుకుంది.

తర్వాత తలుపు తీసి, వరండాలో సంచులు తగిలించుకుని నిల్చున్న మూడో తరగతి వైపు చూసి, "లోపలికి రండి పిల్లలూ, మీ అమ్మానాన్నల ముచ్చట తీరింది, ఇక మీ కిట్లు మీరే బిగించుకోండి!" అంది.