నీ సంతకం చెల్లదు

మార్చి 9, ఉదయం

మనవరాలికి,

పన్నెండున నీ పైలట్ లైసెన్సు మీద విచారణ. ఫోను చేస్తే పెట్టేస్తున్నావు కనుక కార్డు రాస్తున్నాను.

"దిగేముందు ఇంజనుకు వేడిగాలి ఇచ్చే మీట బయటికి లాగడం మరిచిపోయాను. మంచు పట్టి ఇంజను చచ్చుబడింది" అని రాసి సంతకం చేశావట. వినగానే ఒళ్లు మండింది. ఆగిన ఇంజనుతో విమానాన్ని పొలంలో దించి మనిద్దరినీ బతికించినదానివి, అంత మతిమరుపుదానివా?

నిన్న ఆ విమానం చూసిన మెకానిక్‌ను నిలదీశాను.

"మీట లోపలికే ఉంది మామ్మగారూ. బయటికి లాగి ఉంటే ఇంజను ఆగేదే కాదు" అన్నాడు.

నువ్వు లాగావు. పక్క సీట్లోంచి చూశాను. "అదేమిటే, సొరుగు తెరిచి వదిలేసినట్టు?" అన్నాను. నువ్వేమో రేడియోలో మాట్లాడుతున్నావు. నేనే దాన్ని లోపలికి నెట్టేశాను.

పొలంలో "నువ్వు నోరెత్తకు అమ్మమ్మా" అన్నావు. భయపడ్డానని ఓదారుస్తున్నావనుకున్నాను. ఎంత మొద్దునే నేను!

ఇక జరగవలసినవి:

1. ఆ కాగితం వెనక్కి తీసుకో.
2. పన్నెండున నన్ను విచారణకు తీసుకెళ్లు. లేదంటే నేనే ఆటోలో వస్తాను.
3. మళ్లీ విమానం ఎక్కించినప్పుడు నన్ను వెనక సీట్లో కూర్చోబెట్టు.