సుద్దముక్క గుర్తులు

రత్నకుమారి గుండె జారిపోయింది.

చేపల ప్యాకింగ్ కోసం తను కట్టించిన కొత్త షెడ్డు. దాని స్తంభాల మీద ఎవరో సుద్దముక్కతో గుణకారం గుర్తులు పెట్టారు.

కొల్లేటి పక్కన చెరువులున్నవాళ్లకి గుర్తంటేనే దడ. ముందు ఆఫీసర్ల గుర్తు, వెనకాలే పడగొట్టడానికి పొక్లెయిన్.

"ఏ ఆఫీసరొచ్చాడు వెంకట్రాజూ?" సూపర్‌వైజరుని అడిగింది.

"ఆఫీసరు కాదండి. అదిగో, ఆయనండి."

గేటు దగ్గర అరవై ఏళ్ల మనిషి. చంకలో గుడ్డ సంచి, వేళ్ల నిండా సుద్ద.

"ఎవరండీ మీరు? మా షెడ్డుకి గుర్తులేంటండీ?"

"తాతారావంటారండి. గుర్తు పెట్టినచోటల్లా క్రాస్ రాడ్లు ఉండాలండి. ఈ స్తంభం నుంచి ఆ స్తంభానికి ఏటవాలుగా. మీ షెడ్డుకి ఒక్కటీ లేదు."

ఆఫీసరు భయం తీరిందో లేదో, ఇంకో భయం పట్టుకుంది ఆమెకి. మోసపోతానన్న భయం.

షెడ్డు బిల్లంతా బరువు లెక్కే. ఇనుము కొనడం, కోయడం, వెల్డింగు, నిలబెట్టడం అన్నీ కలిపి కిలో నూట పది. షెడ్డు కట్టిన ఫ్యాబ్రికేటరు సుందరరావు కొటేషన్లో క్రాస్ రాడ్లు నాలుగు వందల కిలోలని రాస్తే, ఆమే ఎర్ర పెన్నుతో కొట్టేసింది. నలభై నాలుగు వేలు మిగిలాయి. పైగా స్తంభాల మధ్య రాడ్లు అడ్డం లేక ఐసు లారీ పక్కనుంచి తిన్నగా లోపలికొచ్చేస్తోంది.

"సుందరరావు గారు పంపించారా మిమ్మల్ని? బరువు పెరిగితే బిల్లు పెరుగుతుందని నాకు తెలీదా?"

"ఆయన్ని నేను చూడనైనా లేదండి."

"పోనీ మీరు వెల్డరా? మేస్త్రీయా?"

ఆయన తల దించుకున్నాడు. "కాదండి."

"మరి కందకి లేని దురద కత్తిపీటకెందుకండీ?" అన్నాడు వెంకట్రాజు.

"రేకుల బరువు స్తంభాలు మోస్తాయమ్మా. గాలి పైనుంచి రాదు కదండీ, పక్కనుంచి వస్తుంది. ఆ నాలుగు వందల కిలోలూ దానికోసమేనండి" అన్నాడు తాతారావు.

గేటు మూయించేసింది.

సుందరరావుకి ఫోన్ చేసి దులిపేసింది.

"మా మనిషి కాదండి. కానీ ఆయనన్నది నిజమేనండి. నేనప్పుడే చెప్పాను, మీరే వద్దన్నారు."

"మీరూ మీరూ ఒకటే" అని ఫోన్ పెట్టేసింది.

తడిగుడ్డతో గుర్తులు తుడిపించింది. మర్నాటికి మళ్లీ ఉన్నాయి. తుడిపిస్తే మళ్లీ.

లోపల తూకాలు రాసుకునే కూతురు గ్రేస్ ఒకరోజు అంది. "అమ్మా, గాలేస్తే స్తంభం కదుల్తోంది. ఆనుకుని కూర్చుంటే వీపుకి తెలుస్తోంది."

"కొత్త ఇనుము. సర్దుకుంటుందిలే."

అలా అందే గానీ, ఆ రోజు నుంచి రేకు చప్పుడైతే చాలు, అన్నం ముందు నుంచి లేచి షెడ్డు వైపు చూసేది. అయినా ఇప్పుడు రాడ్లు వేయిస్తే ఆ ముసలాయన ముందు ఓడిపోయినట్టే కదా!

గురువారం మధ్యాహ్నం కొల్లేటి వైపు ఆకాశం నల్లబడింది.

లోపల గ్రేసూ, తొమ్మిదిమంది ఆడవాళ్లూ ఉన్నారు. పెట్టెల్లో చేపల మీద ఐసు కొడుతున్నారు. లారీ కదలాలని తొందర.

గాలి అందుకుంది. రేకులు టపటపా కొట్టుకున్నాయి.

తాతారావు గేటు తోసుకుని పరుగెత్తుకొచ్చాడు.

"బయటికి రండి! పెట్టెలొదిలేయండి!"

వెంకట్రాజు చొక్కా పట్టుకున్నాడు. చొక్కా చిరిగింది గానీ ఆయన ఆగలేదు. గ్రేస్ చెయ్యి పట్టుకుని బరబరా ఈడ్చుకొచ్చాడు.

"వదలండి! అమ్మా!"

రత్నకుమారికి ఒళ్లు మండిపోయింది. ఆయన చెంప మీద కొట్టింది.

పిచ్చివాడు పిల్లని లాక్కుపోతున్నాడని ఆడవాళ్లంతా పనొదిలేసి వెంటపడి బయటికొచ్చారు.

చెంప నిమురుకోనైనా లేదాయన. వాళ్లని వేలితో లెక్కపెట్టాడు. "లోపల తొమ్మిదిమందిని చూశాను. ఎనిమిదిమందే ఉన్నారేంటండీ?"

"శేషారత్నమత్త! ఐసు పొడి చేసే మిల్లు చప్పుడుకి వినబడదు ఆవిడకి!" గ్రేస్ అరిచింది.

ఆయన మళ్లీ లోపలికి పరుగెత్తాడు.

శేషారత్నం గడప దాటి బోర్లా వచ్చి పడింది. వెనకనుంచి ఎవరో తోసినట్టు.

అప్పుడే షెడ్డు మూలిగింది. స్తంభాలన్నీ ఒక్కసారే ఒక పక్కకి ఒరిగాయి. చూస్తుండగానే కప్పు నేలకి దిగిపోయింది.

రేకుల కింద నుంచి తీసిన తాతారావుని అంబులెన్సులో ఏలూరు ఆస్పత్రికి తీసుకెళ్తుంటే, కైకలూరు దాటకుండానే ప్రాణం పోయింది.

గుడ్డ సంచి రత్నకుమారి ఒళ్లో ఉండిపోయింది. ఆయన తాలూకు వాళ్లెవరో తెలుస్తుందేమోనని విప్పింది.

సుద్దముక్కల డబ్బా. మడతపెట్టిన పేపరు ముక్క. తాడేపల్లిగూడెంలో గాలికి ఉల్లిపాయల గోడౌన్ కూలిందని వార్త. చనిపోయింది ఒక్కరే. చాందిని, ఇరవై రెండేళ్లు, తండ్రి తాతారావు.

చెట్టంత కూతురిని పొట్టన పెట్టుకున్న ఆ గోడౌన్ కట్టించిన పాపాత్ముడెవడో అనుకుంది.

అడుగున ఇంకో కాగితం ఉంది. ఆ గోడౌన్ కొటేషనే.

క్రాస్ రాడ్ల లైను ఎర్ర పెన్నుతో కొట్టేసి ఉంది. పక్కన "ఇది వద్దు, బరువు తగ్గించండి" అని రాసి ఉంది. దాని కింద ఓనరు సంతకం, తాతారావు అని.