ఒప్పుకున్న ఓటమి

“కంప్యూటర్ ఇంకోలా చెబుతోంది డాడీ,” అంది రూబీ.

ఏలీయా మాస్టారు తెర మీదికి వంగారు. పాత పుస్తకంలోని ఆ చదరంగం ఆటను నందిగామలో ముప్పై ఏళ్లుగా పిల్లలకు చెబుతున్నారాయన. తెల్లపావుల ఆటగాడు మంత్రిని బలిచ్చాడు. నల్లపావుల ఆటగాడు ఓటమి ఒప్పుకుని లేచిపోయాడు.

“గుర్రాన్ని వెనక్కి జరిపితే నల్లపావులే గెలుస్తాయంట.”

“మరి ఎందుకు జరపలేదు?”

“అవతల అంత గొప్ప ఆటగాడు! ఆయన ఎత్తులో తప్పుంటుందని ఎవరనుకుంటారు? నేనైనా వెతికేదాన్ని కాదు.”

చివరి మాట మాస్టారికి ఎక్కడో గుచ్చుకుంది. రేపు జగ్గయ్యపేటలో ఆమెను బీఈడీలో చేర్చాలి. ఇంటర్‌కీ, డిగ్రీకీ, దీనికీ రూబీ ‘మీ ఇష్టం డాడీ’ అనే అంది. అది ఆమె ఇష్టమే అనుకున్నారు ఇన్నేళ్లూ.

“బీఈడీ నీకు ఇష్టమేనా అమ్మా?”

“మీరు అన్నీ చూసే చెబుతారుగా.”

“లేదు. నిన్ను అడగనే లేదు. ఇప్పుడు చెప్పు.”

రూబీ తెర మీది గుర్రాన్ని వెనక్కీ ముందుకీ జరుపుతూ కూర్చుంది. ఏదో ఒకటి చెప్పబోయి, మాస్టారు నోరు మూసుకున్నారు.

“క్లాసులో పిల్లల ముందు నిలబడాలంటేనే నాకు భయం డాడీ,” అంది చివరికి, తల ఎత్తకుండానే. “చిన్నప్పట్నుంచీ.”