మిగులు ముక్క

“ససేమిరా ఇవ్వను!” అంటూ దర్జీ మాస్టారు కుడిచేతిని దుప్పటి కిందికి లాక్కున్నాడు.

ఆ చేతి బొటనవేలి మొదట్లో కోటు బొత్తామంత గడ్డ లేచింది. కాసేపట్లో దాన్ని కోసి తీసేస్తారు. అందుకు ఆయనకు అభ్యంతరం లేదు. పేచీ అంతా మిగులు దగ్గరే వచ్చింది.

“మళ్లీ చెబుతాను మాస్టారూ,” అంది ఆసుపత్రి బయోబ్యాంకు అమ్మాయి, మంచం పక్కకు కుర్చీ జరుపుకుని. “తీసిన గడ్డ ముందు పరీక్షకు వెళ్తుంది. అక్కడ ఏమైనా మిగిలితే మేం భద్రంగా దాచి, రోగాల మీద పరిశోధన చేసేవాళ్లకు ఇస్తాం. ఎలాగూ పారేసేదే కదా!”

“పారేసేదే అయితే ఇంత తియ్యగా అడుగుతావెందుకు తల్లీ? మిగులు మీద కన్నున్నవాడు కొలత దగ్గరే చేతివాటం చూపిస్తాడు. గడ్డతో పాటు కాస్త మంచి కండ కూడా లాగేస్తే? రేపు నేను కత్తెర పట్టేదెలా?”

చేతిసంచీ ఒళ్లో పెట్టుకుని పక్కనే కూర్చున్న భార్య మొహం తిప్పుకుని నవ్వింది. “అందరూ మీలాగే కోస్తారేంటండీ!”

“నువ్వూరుకో! ఇదిగో అమ్మాయ్, అసలెంత ముక్క కావాలి మీకు?”

“ఎంత మిగిలితే అంత. ఏమీ మిగలకపోతే ఏమీ వద్దు.”

ఇలాంటి గిరాకీ మాస్టారుకు ఎన్నడూ తగల్లేదు. అనుమానం ఇంకా ముదిరింది.

“కోసేదెవరు?”

“పెద్ద డాక్టరుగారు.”

“దాచుకునేది?”

“మేము. డాక్టరుగారికి అందులో గోరంత కూడా రాదు. మిగిలిందో లేదో తేల్చేది పరీక్ష చేసేవాళ్లు.”

మాస్టారు మనసులో లెక్క వేసుకున్నాడు. కోసేవాడొకడు, తేల్చేవాడొకడు, దాచేవాడు ఇంకొకడు. తనకు దక్కని దాన్ని ఎక్కువ కొయ్యడానికి ఎవడికి చెయ్యి వస్తుంది? దొంగతనానికి ఇన్ని తలుపులు మూసిన దుకాణాన్ని ఆయన ఇంతవరకు చూడలేదు. కొంచెం జాలి కూడా వేసింది.

“పోనీ, ఇవ్వకపోతే?”

“ఏం లేదు, మీ వైద్యం మీకు మామూలుగానే జరుగుతుంది. మిగిలింది కాల్చేస్తారు.”

“కాల్చేస్తారా!”

మాస్టారు ప్రాణం ఉసూరుమంది. పనికొచ్చే ముక్కను మంటలో వెయ్యడమా! ఆయన బల్ల మీది పీలిక ఏదీ చెత్తబుట్ట మొహం చూసి ఎరగదు. కలం లాక్కుని సంతకం పెట్టేశాడు.

అంతలో గడ్డ చుట్టూ గీత గియ్యడానికి పెద్ద డాక్టరు వచ్చాడు. ఇన్నాళ్లూ చూసింది చిన్న డాక్టర్లే, ఈయన్ని ఆసుపత్రిలో చూడడం ఇదే మొదలు. అయినా మాస్టారు ముఖం కంటే ముందు భుజాలను గుర్తుపట్టాడు. ఎడమది కాస్త కిందికి. కిందటేడు ఆ వాలు తెలియకుండా కోటు కుట్టింది తనే.

చేతిని మళ్లీ దుప్పటి కిందికి లాక్కున్నాడు. “గీత... కాస్త లోపలికే వెయ్యండి డాక్టరుగారూ!”

“కంగారు పడకండి మాస్టారూ, మిగిలింది నేను దాచుకోనుగా,” అంటూ డాక్టరు, మాస్టారి భార్య ఒళ్లో ఉన్న చేతిసంచీని పరకాయించి చూశాడు. “గుడ్డ భలే ఉందమ్మా! నా కోటుదే కదూ?”