తీగ ముద్ర

"ఒక్క తూరి చేతికియ్యి నాయనా. చూసి ఇచ్చేస్తా."

గాజు బీరువాలోని తోలు హ్యాండ్‌బ్యాగును చూస్తూ అడిగింది ముసలామె.

"అది అమ్మేది కాదు అవ్వా," అన్నాడు రంగరాజన్.

వైట్ టౌన్‌లో అతని అంగడికి పేరు తెచ్చింది ఆ ఒక్క బ్యాగే. ఫ్రెంచివాళ్ళు ఊరు విడిచిన ఏడు ఒక దొరసాని అతని తండ్రికి ఇచ్చి వెళ్ళింది. పాతికేళ్లయినా ఒక్క కుట్టు వదల్లేదు.

మూత లోపల దారంతో కుట్టిన తీగ ముద్ర ఒకటి ఉంది. ప్యారిస్ కంపెనీ గుర్తని తండ్రి చెప్పేవాడు. రంగరాజన్ కూడా అందరికీ అదే చెప్పేవాడు.

అదే నమూనాలో అతను కుట్టించినవి మాత్రం నిలవడం లేదు. ఆ ఉదయమే మూడు తిరిగొచ్చాయి, హ్యాండిళ్లు ఊడి.

ముసలామె వాటిలో ఒకటి తీసుకుని కుట్టు తడిమింది.

"ఒంటి సూదితో కుట్టినారు. రెండు సూదులు కావాల. ఒకే రంధ్రంలో ఎదురెదురుగా దూర్చాల. ఒక కుట్టు తెగినా రెండోది పట్టుకుంటాది."

"అది ప్యారిస్ పని అవ్వా! నీకేం తెలుసు?"

"ప్యారిసా? అది యాడుండాది నాయనా?" ఆమె నోరారా నవ్వింది. "కూచోనియ్యి, నేర్పిస్తా."

"అవ్వకు ఉద్యోగం కావాలంట!" అన్నాడు కుట్టేవాళ్ళలో ఒకడు.

పనివాళ్ళు గొల్లుమన్నారు. రంగరాజన్ కూడా నవ్వాడు.

ఆమె గాజు మీద అరచెయ్యి ఒకసారి ఆనించి, వెళ్ళిపోయింది.

ఆ చేతి మరకను అతను గుడ్డతో తుడిచేశాడు.

ఏడాది తిరిగేసరికి ఆ నమూనా అడిగేవాళ్ళే లేరు. కుట్టేవాళ్ళు ఒక్కొక్కరే మానేశారు.

ఒకరోజు ఊరి శివారు కదిర్కామం నుంచి ధనభాగ్యం అనే ఆమె వచ్చి, చిన్న గుడ్డమూట బల్ల మీద పెట్టింది.

"మా అత్త పోయి పదారు దినాలైంది. ఇది ఈ అంగడిలో ఇయ్యమనింది. పోయినేడు నేర్పిస్తానంటే మీరు నవ్వినారంట గదా."

మూటలో రెండు సూదులు. వాడి వాడి సన్నబడ్డాయి.

"మీ అత్త పేరేంది?" అడిగింది రంగరాజన్ భార్య గిరిజ.

"తాయారమ్మ. మామ ఉన్నన్నాళ్ళు తాయారూ అని పిలిచేవాడంట."

గిరిజ బీరువా తెరిచింది, ఆ సూదులను బ్యాగులో దాచడానికి. మూత ఎత్తి, లోపలి ముద్రను వెలుగుకేసి తిప్పింది.

ఇంట్లో మాట తెలుగే అయినా, ఊరి బడుల్లో నేర్పేది తమిళమే; తెలుగు చదవడం ఎవరికీ రాదు. గిరిజ మాత్రం ఈ ఏడే, నలభై దాటాక, తెలుగు అక్షరాలు దిద్దుకుంటోంది.

"ఏమండీ, ఇది తీగ కాదు..."

దారపు మెలికల మీద వేలు జరుపుతూ, ఆమె ఒక్కొక్కటే కూడబలుక్కుంది.

"తా... యా... రు."