రాలిన వెలగపండు

ఒక అడవిలో పికిలిపిట్ట పిల్లనగ్రోవిలా ఈల వేస్తే, వడ్రంగిపిట్ట మాను మీద ముక్కుతో దరువేసేది. వలస వచ్చిన కొంగల కూతలు కూడా కలుపుకుని ఆ రెండూ ఏ రోజు పాట ఆ రోజే అల్లుకునేవి.

ఒకనాడు పాట మధ్యలో చిలక అడ్డుపడింది.

"ఆపండి! నిన్నటి పాట నాకు కంఠతా వచ్చు. ఇక్కడ 'ధబ్' అని దెబ్బ పడాలి. మరిచిపోయారు!"

అడవంతా చిలక మాటకే తలూపింది.

వడ్రంగిపిట్టకు ఒళ్లు మండిపోయింది. మా పాట మాకే నేర్పుతుందా ఇది?

"ఆ దెబ్బ నాది కాదే తల్లీ! నిన్న వెలగపండు రాలింది. ఆ చప్పుడు అందుకునే మేం పాట మలుపు తిప్పాం. పో, ఆ పండు తీసుకెళ్లి మళ్లీ కొమ్మకు తగిలించు. అప్పుడు పాడతాం నీ నిన్నటి పాట!"