కాటమయ్య నీళ్ల వ్యాను

దగ్గరికి జరగండి. ఫోన్లు జేబులో పెట్టండి, మాటలు ఆపండి. ఆ వెనక నవ్వేవాళ్లు కూడా.

నేను చెప్పేదాంట్లో అబద్ధం ఉంటే రేపు వచ్చి అడగండి, ఎల్లుండి ఒప్పుకుంటాను.

జనగామలో కాటమయ్య అని ఒక పెద్దాయన ఉండేవాడు. సొంతూరు కొడకండ్ల. ముప్పై ఏళ్లు తాటిచెట్లెక్కి కల్లు గీశాడు.

మోకాళ్లు మొరాయించాక ఒక పాత వ్యాను కొన్నాడు. వెనకాల వెయ్యి లీటర్ల ట్యాంకు, ఒక మోటరు బిగించాడు. పొడుగాటి బొంగుకు బ్రష్షు కట్టి, నేల మీద నిలబడే మూడో అంతస్తు అద్దాలు కడిగేవాడు.

మంగళవారం జనగామ, బుధవారం మహబూబాబాద్, శుక్రవారం భూపాలపల్లి.

ఆయన తుడిచాక అక్కడ అద్దం ఉందో లేదో తెలిసేది కాదు. కురవిలో ఒక మేకపోతు, దుకాణం అద్దంలో తనను చూసుకుని మూడు రోజులు కొట్లాడింది. నాలుగో రోజు రాజీకి వచ్చింది. నేనే సాక్షిని.

ఒక మంగళవారం కాటమయ్య బొంగు బయటపెట్టి, బీమా ఆఫీసు లోపలికి వచ్చాడు. మూడో కుర్చీలో ఉన్న గుమాస్తా వీరేందర్ ముందు నిలబడ్డాడు.

"సార్, వ్యాను బీమా అయిపోయింది. కొత్తది చేయాలె."

వీరేందర్ ఆర్సీ చూశాడు. కిటికీలోంచి వ్యానును చూశాడు.

"ఆర్సీల ట్యాంకు లేదు."

"వ్యాన్ల ఉన్నది గద సార్."

"వ్యాన్ల ఉంటె కాదు, కాయితంల ఉండాలె. ఆర్టీఓ ఆఫీసుల ఎక్కించుకొని రా. లేకుంటె ట్యాంకు దింపెయ్."

"దింపితె దేంతోని తుడువాలె సార్, ఉమ్మితోనా?"

ఆఫీసంతా నవ్వింది. వీరేందర్ నవ్వలేదు. ఆయన నవ్వి రెండేళ్లయింది.

భార్య శాంతి భూపాలపల్లి దవాఖానలో నర్సు. ఈయన ఉద్యోగం ఇక్కడ, ఆమెది అక్కడ. ఎవరు మానుకోవాలి అన్న దగ్గర మాటా మాటా పెరిగింది. ఎవరూ మానుకోలేదు. ఇప్పుడు రోజూ మధ్యాహ్నం ఆమె ఫోన్ చేస్తుంది. "తిన్నవా?" "తిన్న." అంతే. ఆమె పెట్టేశాక కూడా ఈయన కాసేపు ఫోన్ చెవి దగ్గరే ఉంచుకుంటాడు.

"మీరు మేనేజరు సారుకు ఒక్క లైను రాస్తె అయితదట గద సార్. ట్యాంకు చూసిన, గట్టిగున్నది అని," అన్నాడు కాటమయ్య.

"ఎవలు చెప్పిండ్రు?"

"చాయ్ రహీం."

"గట్లయితె రహీంతోనే రాయించుకో, పెద్దమనిషీ."

"శుక్రారం నేను భూపాలపల్లిల ఉండాలె సార్."

ఆ ఊరి పేరు వినగానే వీరేందర్ మొహం ముడుచుకుంది.

"ఒక వారం తుడువకుంటె అద్దాలు పారిపోతయా?"

కాటమయ్య ఏదో చెప్పబోయి ఆగాడు.

"పారిపోవు సార్," అని వెళ్లిపోయాడు.

తర్వాతి మంగళవారం నడిచి వచ్చాడు. ఆ పై మంగళవారం కూడా. కాయితం లేని బండిని రోడ్డెక్కించే మనిషి కాడు. వీరేందర్ అదే మాట అన్నాడు.

నాలుగో మంగళవారం రాలేదు.

"వ్యాను తుక్కు కింద అమ్మిండు సార్," అన్నాడు రహీం చాయ్ పెడుతూ. "ట్యాంకు హోటలోళ్లు కొన్నరు. ఆయన సూరత్‌ల బిడ్డ దగ్గరికి పోయిండు."

ఆఫీసు అద్దాల మీద దుమ్ము పేరుకుంది. ఎంత దుమ్మంటే, ఒక మూల పుంటికూర మొక్క మొలిచింది.

ఆ గురువారం మధ్యాహ్నం శాంతి ఫోన్ చేసింది.

"తిన్నవా?"

"తిన్న."

ఈసారి ఆమె పెట్టెయ్యలేదు.

"జనగామకెల్లి అద్దాలు తుడిచే కాటమయ్య వస్తుండె. నెలాయె, వస్తలేడు. పానం మంచిగున్నదో లేదో జర తెలుసుకో."

"ఆయన నీకెట్ల ఎరుక?"



"నువ్వు రోజు తిన్న అంటవు. మీ ఆఫీసు అద్దాలు తుడుసుకుంట చూసి, నిజం ఆయన చెప్తుండె. డబ్బ మూత తీసి, గోడ దిక్కు తిరిగి, రెండు బుక్కలు తిని మూత పెడ్తవట. నా ఫోనొస్తె అంగి సర్దుకుంటవట. ప్రతి శుక్రారం నా వార్డు కిటికి తుడుసుకుంట అన్ని చెప్తుండె."



"నాకెందుకు చెప్పలే ఆయన?"

"నీకు చెప్పనని నేనే ఒట్టు పెట్టించుకున్న."

'మీ భార్య మీ ముచ్చట కోసం ఎదురుచూస్తది సార్' అని ఒక్క మాట అంటే ఆ రోజే కాయితం చేతికి వచ్చేది. ఆ పెద్దాయన వ్యాను పోగొట్టుకున్నాడు గానీ, ఆ మాట బయటపెట్టలేదు.

వీరేందర్ ఒక తెల్లకాగితం తీసి, "ట్యాంకు చూశాను, గట్టిగా ఉంది" అని రాశాడు. ఎవరికి ఇవ్వాలో తెలియక మడిచి జేబులో పెట్టుకున్నాడు.

శుక్రవారం పొద్దున్నే బస్సెక్కాడు.

భూపాలపల్లి దవాఖానలో వార్డు కిటికీ బయట నిలబడ్డాడు. లోపల శాంతి సెలైన్ పెడుతోంది. అద్దం నిండా దుమ్ము. చేతిగుడ్డ తీసి ముఖమంత మేర తుడిచాడు.

ఆమె చూసింది. కిటికీ దగ్గరికి వచ్చింది.

ఇద్దరూ అద్దానికి అటొకరు ఇటొకరు నిలబడి, ఒక సెలైన్ సీసా అయిపోయేంతసేపు అట్లాగే చూసుకున్నారు. చిన్న సీసా కాదు.

కిటికీ పక్క మంచం మీద మొగుళ్లపల్లి పోచమ్మ ఉంది. కాలికి పట్టీ. ఆమె ఇటు చూసింది, అటు చూసింది, చివరికి శాంతి చెయ్యి పట్టి గుంజింది.

"ఎంత చూస్తరు బిడ్డా, అద్దం పగిలిందా అని? యాడ పగలలే. నాలుగు రోజుల సంది నేను కాపలా ఉన్న."